పెద్ద హోటల్లో విందుకు వస్త్రనియమం, చేతిలో ఏడు కిలోల సంచి: ఏమి తీసుకువెళ్ళాలి?

ప్రశ్న: కావలి మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. మాది కావలి. కళాశాలలో ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి పదవీ విరమణ చేశాను. వచ్చే నెలలో నేను, నా భార్య చెన్నై నుంచి సింగపూరు వెళ్ళి, మా అబ్బాయి ఇంట్లో ఆరు రోజులు ఉండి రావాలనుకుంటున్నాం. మా పెళ్ళై నలభై ఏళ్ళు నిండుతున్నాయని అబ్బాయి, కోడలు అక్కడొక పెద్ద హోటల్లో రాత్రి భోజనానికి టేబుల్ మాట్లాడి ఉంచారు. ఆ హోటలువారు పంపిన సందేశంలో ‘స్మార్ట్ కాజువల్’ అన్న మాట, దాని కింద నిక్కర్లు, రబ్బరు చెప్పులు, మగవారికి చేతులు లేని చొక్కాలు కూడదన్న ఒక వాక్యం ఉన్నాయి. ఏది కూడదో చెప్పారు గాని ఏది కావాలో చెప్పలేదు. నా సందేహమంతా అక్కడే మొదలైంది.

మేము కొన్న టిక్కెట్టులో మనిషికి ఏడు కిలోల చేతిసంచి తప్ప మరేమీ లేదు. పెద్ద పెట్టె వేయాలంటే వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ విడిగా డబ్బు కట్టాలి. ఆ ఏడు కిలోలలోనే మనవరాలికి కుట్టించిన పట్టులంగా, కోడలు అడిగిన అరిసెలు, మా ఇద్దరి మందులు కూడా ఇమడాలి. ఒక్క పూట భోజనం కోసం కోటు, బూట్లు, పట్టుచీర మోసుకుపోవడం నాకు సబబుగా తోచడం లేదు. అలాగని పిల్లలు ముచ్చటపడి చేస్తున్న విందులో మా బట్టల మూలంగా వాళ్ళు నలుగురిలో చిన్నబోవడం కూడా నాకు ఇష్టం లేదు.

ఇంకొక సంగతి దాచకుండా చెబుతాను. ఉద్యోగం మానినప్పటి నుంచి నేను పంచె, పొడుగు చేతుల తెల్లచొక్కా తప్ప వేరే కట్టడం లేదు. సుమారు పన్నెండేళ్ళ కిందట ఒక నగరంలో, తోటి అధ్యాపకుడి కుమార్తె పెళ్ళి విందుకు ఒక క్లబ్బుకి వెళితే, గుమ్మంలో ఉన్న కాపలా అతను నా పంచె చూసి చేయి అడ్డం పెట్టాడు. పెళ్ళికూతురి తండ్రి పరుగున వచ్చి లోపలికి తీసుకువెళ్ళాడు గాని, ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. నా భార్య ముందు, పిల్లల ముందు అది మరోసారి జరగకూడదన్నదే నా బెంగ. పంచెతో వెళ్ళవచ్చునా? కూడదంటే ఎంత తక్కువ సామానుతో ఆ నియమాన్ని పాటించవచ్చు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: పూర్వపు హోటల్ ఉద్యోగిని, నెల్లూరు

మాస్టారూ, నమస్కారం. నేను చెన్నైలో ఒక అయిదు నక్షత్రాల హోటల్లో, భోజనశాల గుమ్మం దగ్గర నిలబడి అతిథులను లోపలికి తీసుకువెళ్ళే ఉద్యోగం తొమ్మిదేళ్ళు చేశాను. ఆ గుమ్మం లోపలివైపు నుంచి చూసినదాన్ని గనుక, మేము నిజంగా ఏమి చూసేవాళ్ళమో చెబుతాను.

మా కళ్ళు మొదట పాదాల మీదికి, తరువాత మోకాళ్ళ మీదికి, ఆ తరువాత మెడ దగ్గరికి వెళ్ళేవి. కాలి వేళ్ళు కప్పే పాదరక్ష, మోకాళ్ళు దిగిన వస్త్రం, కాలరున్న చొక్కా, ఈ మూడూ ఉంటే స్మార్ట్ కాజువల్ అన్న మాటకు సరిపోయినట్టే. టై ఎవరూ అడగరు. కోటు ఉంటే మంచిదే, లేకపోతే తప్పు కాదు. ముదురు రంగు జీన్స్‌కు కూడా చాలాచోట్ల అభ్యంతరం ఉండదు. చిరుగులున్నవీ, వెలిసిపోయినవీ మాత్రమే వద్దంటారు. ఆ సందేశంలో ఏది కావాలో రాయకుండా ఏది కూడదో రాయడానికి కారణం కూడా ఉన్నది. ఈత కొలను దగ్గర నుంచి తడి నిక్కరుతో, రబ్బరు చెప్పులతో తిన్నగా భోజనానికి వచ్చే అతిథులు ప్రతి హోటల్లోనూ ఉంటారు. ఆ వాక్యం రాసింది వాళ్ళ కోసం, మీవంటి పెద్దల కోసం కాదు.

ఖరీదైన చోటల్లా నియమం కఠినంగా ఉంటుందనుకోవడం కూడా సరి కాదు. ఢిల్లీలో ఐటీసీ మౌర్య హోటల్లో బుఖారా అనే ప్రసిద్ధమైన భోజనశాల ఉన్నది. అక్కడ అతిథులకు మెడలో ఏప్రాన్ కట్టి, చేత్తో తినమంటారు. దేశాధ్యక్షులు కూడా అలాగే తిన్నారు. నియమం అన్నది ఆ హాలు తీరును బట్టి ఉంటుంది, బిల్లును బట్టి కాదు.

అందువల్ల మీరు చేయవలసిన మొదటి పని సంచి సర్దడం కాదు, ఆ హోటలుకు ఒక ఉత్తరం రాయడం. హోటలు ప్రధాన చిరునామాకు గాక, మీ అబ్బాయి టేబుల్ మాట్లాడిన భోజనశాలకే రాయించండి. భారతీయ సంప్రదాయ వస్త్రమైన పంచె, కాలరున్న పొడుగు చేతుల చొక్కా ధరించి వస్తాననీ, అరవై దాటిన దంపతులమనీ, పెళ్ళిరోజు సందర్భమనీ మూడు ముక్కల్లో చెప్పండి. వచ్చిన జవాబును అబ్బాయి ఫోనులో ఉంచమనండి. గుమ్మంలో ఉండే పిల్లలు రోజుకొకరు మారుతుంటారు. వాళ్ళలో ఒకరికి పంచె అంటే తెలియకపోవచ్చు. పైఅధికారి రాసిన రెండు వాక్యాలు చూపిస్తే క్షణం కూడా ఆగనక్కరలేదు. మా దగ్గర ముందుగా రాసి వచ్చినవారి పేరు పక్కన మేము ఆ సంగతి గుర్తు పెట్టుకునేవాళ్ళం.

ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. పంచె కట్టుకున్నవారిని నేను ఆపవలసి వచ్చిన ఒకటి రెండు సందర్భాల్లో కారణం పంచె కాదు, కాళ్ళకున్న హవాయి చెప్పులు. పంచె కిందికి ముందువైపు మూసి ఉన్న తోలు జోళ్ళు వేసుకోండి.

ఇక అమ్మగారి చీర సంగతి. పట్టుచీర మోయవద్దని నా మనవి. వెంకటగిరి నూలుచీర, సన్నని జరీ అంచుది, ఒక్కటి తీసుకువెళ్ళమనండి. 2022లో వెంకటగిరి తిరుపతి జిల్లాలో చేరినా మాకు అది నెల్లూరు చీరే. వెలుగోటివారి సంస్థానం ఆదరణలో పెరిగిన ఆ నేత ఎంత పలచనిదంటే, నా చీరను వంటింటి కాటాలో వేసి చూస్తే అర కిలో లోపే తూగింది. నా పెళ్ళినాటి కంచిపట్టు దానికి రెండింతలకు పైమాట. నూలు నలుగుతుందన్న భయముంటే గంజి తక్కువగా పెట్టించి, మడత మీద మడత పడకుండా తువ్వాలులో చుట్టి పెట్టుకుంటే చాలు. సాయంత్రం ఇస్త్రీ పెట్టె అబ్బాయి ఇంట్లోనే ఉంటుంది గదా. భోజనశాలల్లో ఏసీ చాలా చల్లగా ఉంటుంది. ఒక సన్నని శాలువా మాత్రం మరచిపోవద్దు. అది విమానంలోనూ పనికివస్తుంది.

జవాబు: గ్రానైట్ వ్యాపారి, ఒంగోలు

మాస్టారికి నమస్కారం. చెల్లెమ్మ చెప్పినదంతా నిజం. ఒక్క కోటు విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు.

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయి ఎగుమతి పని మీద నేను ఇటలీలోని వెరోనాలో జరిగే మార్మోమాక్ రాతి ప్రదర్శనకు వెళ్తుంటాను. మొదటిసారి వెళ్ళినప్పుడు ఇరవై మూడు కిలోల పెట్టె నిండా రెండు సూట్లు, నాలుగు చొక్కాలు, బూట్లు సర్దుకుని, ప్రయాణానికి సుఖంగా ఉంటుందని టీషర్టు, ఆటబూట్లు వేసుకుని విమానం ఎక్కాను. మధ్యలో విమానం మారేచోట నా పెట్టె వెనకబడిపోయింది. అదే సాయంత్రం ఒక కొనుగోలుదారు తన కుటుంబంతో సహా నన్ను హోటల్లో భోజనానికి పిలిచి ఉన్నాడు. అంగళ్ళు మూసేశారు. ఆ టీషర్టుతోనే వెళ్ళాను. వాళ్ళు ఎంత మర్యాదగా మాట్లాడినా, నల్లకోట్ల మధ్య నా ముంజేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టేబుల్ కింద దాచుకున్న సంగతి ఈనాటికీ నాకు గుర్తే. పెట్టె మూడో రోజున వచ్చింది. ఆనాటి నుంచి విందు బట్టలు నా చేతిసంచి దాటి పోలేదు. ఈ మాట మీకెందుకు చెబుతున్నానంటే, పెద్ద పెట్టె లేకపోవడం ఒక లోటు అని మీరు అనుకుంటున్నారు. విందు ఉన్న ప్రయాణంలో అది మేలు.

కోటు ఎందుకు ఉండాలంటాను? ఒంటి మీద ఉన్నది తూకంలోకి రాదు. ముదురు నీలం రంగు పలచని కోటు ఒకటి వేసుకుని విమానం ఎక్కితే దాని నాలుగు జేబుల్లో పాస్‌పోర్టు, కళ్ళజోడు, ఫోను, ఆ పూట మాత్రలు పట్టి చేతిసంచి అంతమేరకు తేలిక పడుతుంది. విమానంలో చలికి అదే ఆసరా. దిగిన తరువాత చొక్కా ఎలాంటిదైనా దాని మీద కోటు పడితే మనిషి తయారై వచ్చినట్టు కనబడతాడు. బూట్లు కూడా అంతే. బరువైనవి కాళ్ళకు, తేలికవి సంచిలో. నల్లవీ గోధుమవీ రెండు జతలు వద్దు. నాడాలు లేని ముదురు గోధుమరంగు తోలు బూటు ఒక్క జత ఉంటే విమానాశ్రయంలో విప్పమన్నప్పుడూ తేలిక, విందులోనూ పనికివస్తుంది.

ఇక్కడ చదివే మిగతావారి కోసం ఒక మాట. నియమాల పేర్లు చూసి మోసపోకండి. ఇంగ్లండులో ఆహ్వానం మీద ‘లాంజ్ సూట్’ అని ఉంటే, లాంజ్‌లో తీరికగా కూర్చునే బట్టలని అర్థం కాదు, కోటు, ప్యాంటు ఒకే గుడ్డతో కుట్టిన మామూలు ఆఫీసు సూటు, టై అని అర్థం. ‘బ్లాక్ టై’ అంటే నల్లరంగు టై కాదు, విల్లుముడి టైతో వేసే ప్రత్యేకమైన నల్లని విందుకోటు. లండన్‌లో 1906లో తెరచిన రిట్జ్ హోటలు మగవారికి కోటు, టై ఉండాలనీ, జీన్స్, ఆటబూట్లు కూడదనీ పట్టుబట్టడంలో చాలాకాలంగా పేరు పడింది. అలాంటిచోటికి వెళ్ళేవారు బయలుదేరే ముందు ఆ హోటలు పేజీలో ఆనాటి నియమం చదువుకోవడం అవసరం. సింగపూరు ఎండలకు అంత పట్టింపు సాధారణంగా ఉండదు. అక్కడ 1887 నాటి ర్యాఫిల్స్ హోటల్లోని టిఫిన్ రూమ్ అనే ఉత్తరాది భోజనశాలలో కూడా అడిగేది స్మార్ట్ కాజువలే.

కావలి మాస్టారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాదరక్షల సంగతి నాకు తట్టనే లేదు. హోటలుకు ఉత్తరం ఈ రాత్రే అబ్బాయిచేత రాయిస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. పంచె మీద కోటు వేస్తే బాగుంటుందా? పూర్వం మా తాతగారు, ఆయన తరం ప్లీడర్లు అలాగే వేసుకునేవారని ఫోటోల్లో చూశాను. రెండవది, పంచెను అడ్డుకోకూడదని తమిళనాడులో ఒక చట్టం వచ్చిందని విన్నాను. అది ఎంతవరకు వర్తిస్తుంది?

జవాబు: న్యాయవాది, నెల్లూరు

మాస్టారూ, మీరు విన్నది నిజమే. 2014 జూలైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంధామన్ గారు పంచె కట్టుకుని చెన్నైలోని తమిళనాడు క్రికెట్ సంఘం క్లబ్బులో జరుగుతున్న ఒక పుస్తకావిష్కరణ సభకు వెళితే, వస్త్రనియమం ఒప్పుకోదని ఆయనను లోపలికి రానివ్వలేదు. ఆ విషయం మీద శాసనసభలో పార్టీలన్నీ ఒక్కమాట మీద నిలవడంతో, ఆ ఏడాదే బహిరంగ ప్రదేశాల ప్రవేశంలో వస్త్రాల మీది ఆంక్షలను తొలగించే చట్టం చేశారు. పంచెను గాని, మరే భారతీయ సంప్రదాయ వస్త్రాన్ని గాని కారణంగా చూపి క్లబ్బులు, సంఘాలు, ట్రస్టులు, కంపెనీలు వంటివి తమ ఆవరణలోకి ఎవరినీ రాకుండా ఆపకూడదు. ఆపితే లైసెన్సు రద్దు కావచ్చు, ఏడాది వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి.

అయితే అది తమిళనాడు శాసనసభ చేసిన చట్టం. సరిహద్దు దాటి ఆంధ్రలోని తడ వైపు వస్తే చెల్లదు, సింగపూరులో అసలే చెల్లదు. అక్కడ మీకు రక్ష ఆ ఉత్తరమే. స్మార్ట్ కాజువల్ అన్న మాటను ఎవరికి తోచినట్టు వారు అర్థం చెప్పుకుంటారనడానికి, 2021లో ఢిల్లీలో ఒక రెస్టారెంటు సిబ్బంది చీర స్మార్ట్ కాజువల్ కిందికి రాదని చెప్పిన వీడియో దేశమంతటా చర్చకు రావడమే సాక్ష్యం. కనుక అమ్మగారు చీరలో వస్తారన్న ముక్క కూడా ఆ ఉత్తరంలో చేర్చండి. సింగపూరులో తమిళం అధికార భాషల్లో ఒకటి, పంచె అక్కడి వీధుల్లో కొత్త వస్త్రం కాదు. మీకు ఇబ్బంది ఎదురవుతుందని నేను అనుకోవడం లేదు. అయినా కాగితం చేతిలో ఉంటే మనసు నిబ్బరంగా ఉంటుంది.

మీకు ఆనాడు క్లబ్బులో జరిగినది చదివి చాలా బాధ కలిగింది. తప్పు మీ పంచెది కాదు.

జవాబు: దర్జీ, ట్రంకు రోడ్డు, నెల్లూరు

అయ్యా, పంచె మీద కోటు నిక్షేపంగా బాగుంటుంది. కాకపోతే ఈనాటి పొట్టి కోట్లు పనికిరావు. పంచె కుచ్చిళ్ళు ముందు ఉబ్బెత్తుగా ఉంటాయి గనుక, కోటు పొడవు తుంటి దిగి ఉండాలి, కింది గుండీ దగ్గర కాస్త వదులు ఉండాలి. మెడ మూసిన బంద్‌గలా కోటు అయితే లోపలి చొక్కా ఏదైనా కనబడదు, రెండు పూటలకు ఒకే చొక్కాతో గడిచిపోతుంది. మా దగ్గరకు సింగపూరు, గల్ఫు వెళ్ళేవాళ్ళు వచ్చి దళసరి సూటు గుడ్డ అడుగుతుంటారు. నేను వద్దంటాను. ఉన్ని, పాలియెస్టర్ కలిపి నేసిన పలచని టెర్రీవూల్ గుడ్డ తీసుకుని, లోపల సగం లైనింగు మాత్రమే వేసి, భుజాల ప్యాడ్లు తీసేసి కుడితే కోటు చొక్కాలాగా మడత పెట్టవచ్చు. గుప్పిట్లో నలిపి వదిలితే ఉన్ని ఉన్న గుడ్డ తనంతట తాను విచ్చుకుంటుంది. ఖద్దరు, లినెన్ విచ్చుకోవు. కొనేముందు అంగట్లోనే గుడ్డ మూల పట్టుకుని పది అంకెలు లెక్కపెట్టేదాకా నలిపి చూడండి.

కోటు సంచిలో పెట్టవలసి వస్తే ఇలా చేయండి. రెండు భుజాల్లోకి రెండు చేతులు దూర్చి, ఎడమ భుజాన్ని లోపలి భాగం బయటికి వచ్చేటట్టు తిప్పండి. కుడి భుజాన్ని తిప్పకుండా ఆ ఎడమ భుజం గుంటలో కూర్చోబెట్టండి. ఇప్పుడు కోటు నిలువునా సగమై, లైనింగు పైకి వస్తుంది, మురికైనా గీతైనా లోపలి గుడ్డకే తగులుతుంది. దాన్ని అడ్డంగా ఒక్క మడత వేసి, మడత మధ్యలో మీ పంచెను చుట్టచుట్టి పెట్టండి. పంచె దిండులాగా ఉండి కోటుకు గీత పడనివ్వదు, కోటు పంచెను నలగనివ్వదు. దిగిన వెంటనే తీసి స్నానాల గదిలో తగిలించి, వేడినీళ్ళు వదిలి తలుపు వేస్తే ఆ ఆవిరికి చిన్న ముడతలు పోతాయి. అబ్బాయి ఇంట్లో అయినా ఇంతే, హోటల్లో దిగేవారైనా ఇంతే. హోటలు లాండ్రీలో ఒక్కొక్క బట్టకూ వేసే ఇస్త్రీ లెక్క మన ఊళ్ళో నెల రోజుల ఇస్త్రీకి సరిపోతుంది.

విందులో పంచె జారుతుందన్న భయం పెట్టుకోవద్దు. లోపల తెల్లని నూలు బెల్టు పెట్టి కట్టుకోండి, ఫోను దానికే పెట్టుకోవచ్చు. నాలుగు గజాల పంచె, సన్నని అంచు చాలు. వెడల్పు జరీ పంచె పెళ్ళి పీటల మీదికి బాగుంటుంది గాని భోజనం టేబుల్ దగ్గర కూర్చుంటే అంచు కుర్చీ కాళ్ళకు తగులుకుంటుంది.

మీ ఉద్యోగం నాటి ప్యాంట్లు ఉంటే పారేయకండి. నడుము వదులైతే వెనకపక్క మధ్య కుట్టు విప్పి బిగించడం అరగంట పని. ఒకటి విమానంలో వేసుకోండి. విందులో పంచె మీద పులుసు ఒలికినా, వాన తడిపినా మర్నాటికి అది ఉంటుంది.

కావలి మాస్టారు

అందరికీ నమస్కారాలు. హోటలు నుంచి జవాబు నిన్న వచ్చింది. పంచె, చీర రెండూ తమకు సంతోషమేననీ, పాదరక్షలు మాత్రం ముందువైపు మూసి ఉన్నవి కావాలనీ, పెళ్ళిరోజు గనుక కిటికీ పక్క టేబుల్ ఉంచుతామనీ రాశారు. అబ్బాయి దాన్ని ఫోనులో భద్రపరిచాడు.

కొత్త కోటు కుట్టించలేదు. పాత బంద్‌గలా ఒకటి బీరువాలో దొరికితే నెల్లూరు వెళ్ళి భుజాల ప్యాడ్లు తీయించాను. మా ఆవిడ ఆకుపచ్చ వెంకటగిరి చీర తీసింది. నిన్న రాత్రి వంటింట్లో కాటా పెట్టి రెండు సంచులూ తూచాం. ఆమెది ఆరు కిలోల నాలుగు వందలు, నాది అరిసెలతో కలిపి ఏడు కిలోల మీద నూట యాభై. తూకం దగ్గర అభ్యంతరం పెట్టకుండా కళ్ళజోడు పెట్టె, మాత్రల డబ్బా కోటు జేబులోకి మార్చాను. కోటు మడత మాత్రం నాకు నాలుగోసారికి గాని కుదరలేదు. మా ఆవిడ మొదటిసారికే పెట్టేసింది.